పాత కంప్యూటర్‌కు బయోస్ అప్‌డేట్: మీట నొక్కే ముందు చేయాల్సిన పనులు

కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రాము బయోస్. దాని అప్‌డేట్ ఎలా చేయాలని అడిగిన ప్రతివారినీ నేను ముందు అడిగేది ఒకటే: ఇప్పుడు ఏం తక్కువైందని? ఫోనులో యాప్‌కు అప్‌డేట్ రాగానే నొక్కేసే అలవాటుతో దీన్నీ నొక్కేద్దామనుకుంటారు. యాప్ చెడితే తీసేసి మళ్లీ వేసుకుంటాం. విండోస్ చెడితే పెన్‌డ్రైవ్ పెట్టి మళ్లీ ఎక్కించుకుంటాం. బయోస్ రాస్తుండగా మధ్యలో ఆగిపోతే ఆ పెన్‌డ్రైవ్‌ను చదవమని చెప్పే నాథుడే ఉండడు. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు.

మదర్‌బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న చిప్ ఒకటి ఉంటుంది. పదేళ్లు దాటిన బోర్డుల్లో దాని జాగా నాలుగు మెగాబైట్లో, ఎనిమిదో. కరెంటు అందగానే ప్రాసెసర్ మొట్టమొదట చదివేది అందులో ఉన్న ఈ బయోస్‌నే. ర్యామ్ ఎంత ఉందో, డిస్క్ ఏ తీగకు ఉందో, విండోస్ ఎక్కడ ఉందో చూసి పని అప్పగించేది అదే. అప్‌డేట్ అంటే ఆ చిప్‌లో ఉన్నది చెరిపి కొత్తది రాయడం. చెరపడానికీ రాయడానికీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే ప్రమాదమంతా. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ చేసింది కూడా ఇదే: డిస్క్‌తో పాటు, వీలైన చోటల్లా బయోస్ చిప్‌లోనూ చెత్త రాసి పోయింది. అలా పోయిన బోర్డులు మళ్లీ లేవాలంటే చిప్ మార్చడమో, బయట తిరిగి రాయించడమో తప్పలేదు.

అప్‌డేట్ చేయడానికి సరైన కారణాలు కొన్నే. మీ బోర్డుకు కొత్త ప్రాసెసర్ పెట్టాలి, ఇప్పుడున్న బయోస్‌కు అది తెలియదు. లేదా మీరు పడుతున్న ఇబ్బందే తయారీదారు ఇచ్చిన మార్పుల వివరాల్లో రాసి ఉంది, ఉదాహరణకు నిద్రలోకి వెళ్లిన కంప్యూటర్ లేవకపోవడం. లేదా భద్రతా లోపం సరిచేశారు. వేగం పెరుగుతుందని చేయకండి, పెరగదు. విండోస్ 11 కోసమూ చేయకండి. అది టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం అడుగుతుంది, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్లు అడుగుతుంది. రెండో తరం చిప్‌ను బయోస్ అప్‌డేట్ ఎనిమిదో తరం చేయలేదు.

భద్రత విషయంలోనూ తొందర వద్దు. 2018 జనవరిలో ప్రాసెసర్లలోని స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లోపాలు బయటపడినప్పుడు హడావిడిగా వచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల సవరణ) వల్ల కొన్ని కంప్యూటర్లు వాటంతట అవే రీస్టార్ట్ అవడం మొదలుపెట్టాయి. ఆ నెలలోనే ఇంటెల్ సంస్థే దాన్ని వేయడం ఆపమని చెప్పాల్సి వచ్చింది. పైగా మైక్రోకోడ్‌ను విండోస్, లినక్స్ కూడా బూట్ అయ్యేటప్పుడు దించగలవు. దాని కోసం ప్రతిసారీ బయోస్ మీద చేయి వేయనక్కరలేదు.

నా కంప్యూటర్ సంగతి

నాది తెనాలిలో ఇంటి ముందు గదిలో నడిచే డీటీపీ సెంటర్. అందులో ఒక పాత కంప్యూటర్‌ను ఇప్పటికీ వదులుకోలేను. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన శుభలేఖలు, కరపత్రాలు, సావనీర్లు అన్నీ అందులోనే ఉన్నాయి. అక్క పెళ్లికి చేసిన కార్డు లాంటిదే తమ్ముడి పెళ్లికీ కావాలని వచ్చేవారికి పాత ఫైలు తెరిచి పేర్లు మారిస్తే చాలు. టైపు పనికి అది హాయిగా సరిపోతుంది. ఫొటోషాప్‌లో ఫ్లెక్సీ తెరిస్తే మాత్రం ఆయాసపడుతుంది.

బోర్డు గిగాబైట్ కంపెనీది, హెచ్61 చిప్‌సెట్‌తో వచ్చినది. అందులో ఉన్న ప్రాసెసర్ రెండో తరం ఐ3-2100, రెండు కోర్లది. అదే ఎల్‌జీఏ 1155 సాకెట్‌లో మూడో తరం ఐ5-3470 కూడా కూర్చుంటుంది, దానికి నాలుగు కోర్లు. సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతోంది. చిక్కేమిటంటే హెచ్61 బోర్డులు 2011లో వచ్చాయి, మూడో తరం ప్రాసెసర్లు 2012లో. ముందు తయారైన బోర్డులోని బయోస్‌కు తర్వాత పుట్టిన చిప్ ముఖం తెలియదు.

చిప్ తెచ్చింది మా మేనల్లుడు. వస్తూనే స్క్రూడ్రైవర్ తీశాడు. "మామయ్యా, ముందు దీన్ని బిగించేసి ఆ తర్వాత అప్‌డేట్ చేద్దాం, ఒకేసారి పనైపోతుంది."

"బిగించాక తెర రాదురా. తెర లేకుండా అప్‌డేట్ ఎక్కడ నొక్కుతావు?"

చాలామంది తడబడేది ఇక్కడే. పాత ప్రాసెసర్ ఉండగానే అప్‌డేట్ చేయాలి. అది నిలకడగా నడుస్తోందని చూసుకున్నాకే కొత్తది పెట్టాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బోర్డుతో పాటు ప్రాసెసర్ రాకపోతే, గంటసేపటికి రెండో తరం చిప్ ఒకటి ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోవాల్సిందే.

బోర్డు పేరు కాదు, పూర్తి పేరు

విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎంఎస్ఇన్ఫో32 అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఖాళీ లేకుండా కొడితే సిస్టమ్ సమాచారం వస్తుంది. అందులో బయోస్ వెర్షన్, తేదీ ఉంటాయి. సీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాములో మెయిన్‌బోర్డ్ అనే చోట బోర్డు మోడల్ కనబడుతుంది. ఈ రెండూ రాసుకోండి. ఆ తర్వాత కరెంటు తీసి, పక్క తలుపు విప్పి, టార్చి వేసి బోర్డునే చదవండి. మోడల్ పేరు స్లాట్ల మధ్య పెద్ద అక్షరాల్లో ఉంటుంది. గిగాబైట్ బోర్డుల్లో ఒక మూలన, అంచు దగ్గర, చిన్న అక్షరాల్లో రివిజన్ సంఖ్య ఉంటుంది: 1.0, 2.0, 2.1 అలా. దుమ్ము తుడిస్తే గాని కనబడదు.

ఆ మూలనున్న అంకె చూడకుండా డౌన్‌లోడ్ చేయకండి. ఒకే పేరుతో అమ్మిన బోర్డుకు రివిజన్ మారితే లోపలి చిప్‌లు మారి ఉండవచ్చు, బయోస్ ఫైలూ వేరుగా ఉండవచ్చు. పేరు చివర ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే బోర్డే. తప్పు ఫైలు ఇస్తే చాలా ప్రోగ్రాములు తిరస్కరిస్తాయి గాని, వాటి మీద భారం వేయడం నాకిష్టం లేదు.

ఫైలు తయారీదారు సైటు నుంచే తీసుకోవాలి. "మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో" అని ఊరించే ప్రోగ్రాములను ఈ పనికి దగ్గరకు రానివ్వకండి. సైటులో ముందు ప్రాసెసర్ల జాబితా చూడండి. మీరు పెట్టబోయే చిప్‌కు ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఉంటుంది. తర్వాత బయోస్‌ల జాబితాలో ప్రతి వెర్షన్ కింద ఉన్న రెండు మూడు పంక్తుల వివరం చదవండి. నేరుగా చివరిదానికి వెళ్లకుండా మధ్యలో ఒకటి తప్పనిసరిగా వేయమని రాసి ఉంటే ఆ క్రమమే పాటించాలి. గిగాబైట్‌లో వెర్షన్ అంకె తర్వాత చిన్న అక్షరం ఉంటే, అంటే ఎఫ్14 కాక ఎఫ్14బి లాంటిదైతే, అది బీటా. మీకు కావలసిన ప్రాసెసర్ మద్దతు మామూలు వెర్షన్‌లోనే ఉంటే బీటా జోలికి పోకండి.

కొందరికి సైటులో ఏమీ దొరకదు. ఇంటెల్ సొంత డెస్క్‌టాప్ బోర్డుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2013 జనవరిలో చెప్పింది. పాత బోర్డుల బయోస్ ఫైళ్లను 2019 నవంబరు తర్వాత తన సైటు నుంచి తీసేసింది. పేరూ ఊరూ లేని చవక బోర్డులకు సైటే ఉండదు. అలాంటి బోర్డుకు ఎక్కడో ఎవరో పెట్టిన ఫైలు తెచ్చి వేయడం కంటే, ఉన్నదానితో సర్దుకోవడమే నా సలహా.

కరెంటు, బ్యాటరీ, ఫొటోలు

రాయడానికి పట్టేది రెండు మూడు నిమిషాలు. ఆ కాసేపు కరెంటు పోకూడదు. యూపీఎస్ ఉందిగా అంటారు. దాని బ్యాటరీ వయసెంతో ఎవరికీ గుర్తుండదు. పచ్చ దీపం వెలుగుతుంది, కరెంటు పోగానే కుయ్యిమని కంప్యూటర్‌తో పాటే పడుకుంటుంది. కాబట్టి ముందు పరీక్షించండి. విండోస్‌లో కాదు, కంప్యూటర్ వేయగానే డిలీట్ మీట నొక్కి బయోస్ తెరలోకి వెళ్లి ఆగండి. ఇప్పుడు యూపీఎస్ ప్లగ్‌ను గోడ నుంచి లాగండి. బయోస్ తెర మీద ఉన్నప్పుడు ఆగిపోయినా డిస్క్‌లో ఫైళ్లకు ఏమీ కాదు. మానిటర్ కూడా దానికే తగిలించి ఉండగా పది నిమిషాలు నిలిస్తే ఈ పనికి చాలు. రెండు నిమిషాలకే కూలబడితే ముందు యూపీఎస్ బ్యాటరీ మార్పించండి. ఇన్వర్టర్ మీద నడిపేవారు దాని వెనకున్న స్విచ్ యూపీఎస్ స్థానంలో ఉందో లేదో చూడాలి. మామూలు స్థానంలో కరెంటు మారేటప్పుడు ఫ్యాన్‌కు తెలియని ఆలస్యం కంప్యూటర్‌కు తెలుస్తుంది.

నేను ఇంకో పని కూడా చేస్తాను. మా లైన్‌మన్‌కు ఫోన్ చేసి ఈరోజు మా వీధికి ఎల్‌సీ, అంటే లైను పనుల కోసం కరెంటు ఆపడం, ఏమైనా ఉందా అని అడుగుతాను. ఈదురుగాలి, ఉరుములు ఉన్న సాయంత్రం అసలు ముట్టుకోను. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉండి, చార్జర్ కూడా తగిలించి ఉండాలి. ఈ రెండింట్లో ఏది లేకపోయినా చాలా ల్యాప్‌టాప్‌లు అప్‌డేట్ మొదలే పెట్టవు.

బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, మూడు వోల్టులది. కంప్యూటర్ వేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే అది అయిపోయినట్టే. మల్టీమీటర్‌లో 2.8 కంటే తక్కువ చూపిస్తే నేను మార్చేస్తాను. గడియారాల కొట్లోనూ దొరుకుతుంది. అయితే దాన్ని తీస్తే బయోస్ సెట్టింగులు చెరిగిపోవచ్చు కాబట్టి, తీయకముందే తర్వాతి పని చేయండి.

బయోస్‌లోని ప్రతి పేజీనీ ఫోనుతో ఫొటో తీసుకోండి. అప్‌డేట్ అయ్యాక సెట్టింగులు మొదటి స్థితికి పోవచ్చు. వాటిలో ముఖ్యమైనది సాటా మోడ్, అంటే బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి: ఐడీఈ అని ఉందా, ఏహెచ్‌సీఐ అని ఉందా? విండోస్‌ను ఏ మోడ్‌లో ఎక్కించారో అదే ఉండాలి. అప్‌డేట్ తర్వాత అది మారిపోతే విండోస్ లోగో కనబడీ కనబడగానే నీలం తెర వస్తుంది, కింద చివర 7బి అనే కోడ్ ఉంటుంది. డిస్క్ పోయిందనుకుని విండోస్ మళ్లీ ఎక్కించడానికి సిద్ధపడతారు. డిస్క్‌కు ఏమీ కాలేదు, ఫొటో చూసి మోడ్ వెనక్కి మారిస్తే చాలు. బూట్ క్రమం, బూట్ మోడ్ పాత పద్ధతి లెగసీనా, కొత్త పద్ధతి యూఈఎఫ్ఐనా అన్నవి కూడా ఫొటోల్లో ఉండాలి.

కొంచెం కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాన్ని ముందే తాత్కాలికంగా ఆపండి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బయోస్ మారగానే అది అనుమానపడి కీ అడుగుతుంది. నా హెచ్61 కాలం నాటి డెస్క్‌టాప్‌లకు ఈ బెడద మామూలుగా ఉండదు. ఫైళ్ల బ్యాకప్ సంగతి వేరే చెప్పాలా!

పెన్‌డ్రైవ్

పాత, చిన్న పెన్‌డ్రైవ్ మేలు, నాలుగో ఎనిమిదో జీబీలది. ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉంటే పాత బయోస్‌లు చాలావరకు దాన్ని చూడవు. డౌన్‌లోడ్ అయిన ఫైలును విప్పితే గిగాబైట్ విషయంలో మూడు వస్తాయి: ఒక బ్యాచ్ ఫైలు, డాస్‌లో రాసే ప్రోగ్రాము, ఇంకోటి ఎఫ్ అనే అక్షరం, అంకెలతో ముగిసే పేరున్నది. మనకు కావలసింది ఆ చివరిదే. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఏ ఫోల్డరులోనూ కాకుండా నేరుగా పెట్టండి, పేరు మార్చకండి.

కంప్యూటర్ వెనక వైపు నల్ల యూఎస్‌బీ రంధ్రంలో పెట్టండి. నీలం రంగువి వద్దు. హెచ్61 చిప్‌సెట్‌కు సొంతంగా యూఎస్‌బీ 3.0 లేదు, నీలం రంధ్రాలు విడిగా అతికించిన వేరే చిప్ మీద నడుస్తాయి, బయోస్ తెరలో అవి పలకకపోవచ్చు. ముందు వైపు రంధ్రాలు తీగ ద్వారా వస్తాయి, ఆ తీగ ఎంత వదులుగా ఉందో మనకు తెలియదు. ప్రింటరు, బయటి హార్డ్‌డిస్క్, స్కానరు అన్నీ తీసేయండి. కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్ మిగిలితే చాలు.

విండోస్‌లో నుంచే బయోస్ రాసే ప్రోగ్రాములు తయారీదారులే ఇస్తారు. బోర్డులోనే రాసే సదుపాయం ఉన్నప్పుడు నేను వాటిని వాడను. వెనక యాంటీవైరస్ నడుస్తుంటుంది, ఏదో ఒకటి బిగుసుకుపోతుంది, ఎందుకొచ్చిన గోల.

ఆ రెండు మూడు నిమిషాలు

గిగాబైట్‌లో కంప్యూటర్ వేయగానే ఎండ్ మీట నొక్కితే బయోస్ రాసే క్యూ-ఫ్లాష్ తెర వస్తుంది. బయోస్‌లోకి వెళ్లి ఎఫ్8 నొక్కినా వస్తుంది. ఆసుస్‌లో దీన్నే ఈజీ ఫ్లాష్ అంటారు, ఎంఎస్ఐలో ఎం-ఫ్లాష్, అస్‌రాక్‌లో ఇన్‌స్టంట్ ఫ్లాష్. 2012 తర్వాత వచ్చిన డెల్ కంప్యూటర్లు చాలావాటిలో ఎఫ్12 నొక్కితే వచ్చే మెనూలోనే బయోస్ ఫ్లాష్ అప్‌డేట్ అని ఉంటుంది.

క్యూ-ఫ్లాష్‌లో రెండు వరుసలు కనబడతాయి: ఒకటి డ్రైవ్ నుంచి అప్‌డేట్ చేయడానికి, రెండోది ఉన్న బయోస్‌ను డ్రైవ్‌లోకి దాచుకోవడానికి. ముందు రెండోదే నొక్కండి. ఏదో ఒక పేరిచ్చి పాత బయోస్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచండి. ఆ తర్వాతే మొదటిది. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే ఫైలు పేరు కనబడుతుంది. పేరును కాగితం మీద రాసుకున్నదానితో అక్షరం అక్షరం పోల్చి ఎంటర్ కొట్టండి. ఫైలు చదివి, ఖాయమేనా అని ఒకసారి అడుగుతుంది.

ఇక చేతులు కట్టుకుని కూర్చోవడమే. గీత నింపుకుంటూ పోతుంది. మధ్యలో ఒకచోట ఆగినట్టు ఉంటుంది, కదలదు, అంకె మారదు. మా మేనల్లుడి చేయి అప్పుడే మెల్లగా రీసెట్ మీట వైపు జరిగింది. ఆ చేతికి కాఫీ గ్లాసు అందించాను. రాసింది సరిగా పడిందా అని మళ్లీ చదివి చూసుకోవడం కూడా ఆ సమయంలోనే జరుగుతుంది. అయిపోయిందని తెర మీద రాసేదాకా దేన్నీ ముట్టుకోకూడదు. తర్వాత కంప్యూటర్ దానంతట అదే ఆగి లేస్తుంది. ఒకటి రెండుసార్లు తెర నల్లగా ఉండి మళ్లీ మొదలుకావచ్చు, ఫ్యాన్ ఒక్కసారి గట్టిగా అరవవచ్చు. కంగారు పడకండి.

లేచాక డిలీట్ నొక్కి బయోస్‌లోకి వెళ్లి, ఎఫ్7తో ఆప్టిమైజ్డ్ డీఫాల్ట్‌లు దించండి. పాత వెర్షన్ మిగిల్చిన విలువలు కొత్తదానితో కలిస్తే వింత వింత రోగాలు వస్తాయి. ఆ తర్వాత ఫొటోలు చూస్తూ సాటా మోడ్, బూట్ క్రమం, తేదీ, సమయం సరిచేసి ఎఫ్10తో దాచండి. విండోస్ లేస్తే వెర్షన్ మారిందో లేదో అదే సిస్టమ్ సమాచారంలో చూసుకోండి. పాత ప్రాసెసర్‌తోనే ఒకటి రెండు రోజులు మామూలు పని చేయించండి.

ప్రాసెసర్ మార్పు దీనితో పోలిస్తే తేలిక. ప్లగ్ తీసి, పవర్ మీట కాసేపు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోనివ్వండి. ఈ సాకెట్‌లో ముళ్లు చిప్‌కు కాదు, బోర్డుకే ఉంటాయి; చిప్‌ను రెండు గాట్లు కలిసేలా నిటారుగా దించాలి, జరపకూడదు. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉన్న పాత పేస్టు తుడిచి కొత్తది వేయండి. ఐ3-2100 వేడి లెక్క 65 వాట్లు, ఐ5-3470ది 77. దుమ్ము పట్టిన కూలర్‌ను కడిగినంత శుభ్రం చేస్తే గాని ఆ తేడా మోయదు.

తెర రాకపోతే

ముందు ప్లగ్ తీసి, బోర్డు మీద సెట్టింగులు చెరపడానికి సీమాస్ క్లియర్ అని రాసి ఉన్న రెండు ముళ్లను స్క్రూడ్రైవర్ కొసతో కొన్ని సెకన్లు కలపండి. చాలాసార్లు పాత సెట్టింగులే అడ్డు. అప్పటికీ రాకపోతే, గిగాబైట్‌లో డ్యూయల్ బయోస్ ఉన్న బోర్డు అయితే కాసేపు ఓపిక పట్టండి. అందులో రెండు చిప్‌లు ఉంటాయి. మొదటిది చెడిందని గుర్తిస్తే రెండోదాని నుంచి తిరిగి రాసుకుంటుంది.

ఏదీ కాకపోతే చిప్ లెవెల్ సర్వీస్ చేసేవారి దగ్గరకు వెళ్లాలి. విజయవాడలో ఉన్నారు, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ కొట్లున్న సీటీసీ చుట్టుపక్కల ఉన్నారు. సీహెచ్341ఏ అనే చిన్న ప్రోగ్రామర్‌కు క్లిప్పు తగిలించి ఆ ఎనిమిది కాళ్లను పట్టుకుని నేరుగా రాసేస్తారు. మీరు దాచిన పాత బయోస్ ఫైలు అప్పుడు పనికొస్తుంది, పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్లండి. రాసే ముందు చిప్‌లో ఇప్పుడున్నదాన్ని ఒకసారి చదివి దాచమని చెప్పండి. బ్రాండెడ్ కంప్యూటర్లలో సీరియల్ నంబరు, కొన్నిట్లో విండోస్ కీ కూడా ఆ చిప్‌లోనే ఉంటాయి.

ఐ5 పెట్టాక మిగిలిన ఐ3ని అమ్మేద్దామని మా మేనల్లుడు బేరం కూడా తెచ్చాడు. నేను ఇవ్వలేదు. క్యూ-ఫ్లాష్ మామూలుగా రాసేది మొదటి చిప్‌లోనే. నా బోర్డులో రెండో చిప్‌లో ఇంకా ఫ్యాక్టరీలో వేసిన పాత వెర్షనే ఉంది. ఎప్పుడైనా మొదటిది చెడి రెండోదాని నుంచి తిరిగి రాసుకుంటే, ఆ బయోస్‌కు ఐ5 తెలియదు, తెర రాదు. అప్పుడు ఐ3 బిగించి, అప్‌డేట్ మళ్లీ మొదటి నుంచి చేయాలి. అందుకే దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పెన్‌డ్రైవ్‌తో సహా అదే క్యాబినెట్ అడుగున టేపుతో అంటించాను. బోర్డు మోడల్, రివిజన్, పాత వెర్షన్, కొత్త వెర్షన్ ఆ టేపు మీదే రాశాను.